ఆఫీసులో మనసు కుంగకుండా ఉండాలంటే: రోజులో ఎక్కడెక్కడ ఏ అలవాటు పెట్టుకోవాలి

ఆదివారం సాయంత్రం 6 దాటగానే కడుపులో ఏదో తిప్పినట్టుంటుంది. సోమవారం లాగిన్ అవగానే 40 మెయిళ్లు ఎదురు చూస్తుంటాయి. పదకొండు కాకముందే 'ఈ రోజు కూడా ఇంతే' అన్న మాట లోపల స్థిరపడిపోతుంది. అలాంటప్పుడు ఎవరైనా వచ్చి 'పాజిటివ్‌గా ఆలోచించండి' అంటే పుండు మీద కారం చల్లినట్టే ఉంటుంది. ఎలా ఆలోచించాలో ఎవరూ చెప్పరు కాబట్టి ఆ సలహా విన్నవాళ్లకు ఇంకో బరువు అవుతుంది.

మనసు ఒట్టి మాటలు నమ్మదు. దానికి రుజువు చూపించాలి. 'అంతా బాగానే జరుగుతుంది' అని అద్దంలో చూసుకుని పదిసార్లు అనుకోవడం కంటే 'నిన్న ఆగిపోయిన పని ఈ రోజు ఇంత ముందుకు జరిగింది' అని కళ్లతో చూసుకోవడం ఎక్కువ పనిచేస్తుంది. మంచి ఫలితాన్ని ఊహించుకుంటూ కూర్చుంటే దానికోసం చేసే ప్రయత్నం తగ్గిపోతుందని గాబ్రియేలె ఓటింగెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగాల్లో మళ్లీ మళ్లీ కనిపించింది. ఊహతో పాటు అడ్డంకినీ, దాన్ని దాటే పనినీ పెట్టుకున్నవాళ్లే ముందుకెళ్లారు. ఈ కింద చెప్పే అలవాట్లన్నీ ఆ రుజువును రోజూ కాస్త కాస్త పోగుచేయడానికే. సాఫ్ట్‌వేర్, బ్యాంకు, కాల్ సెంటర్, సర్కారు ఆఫీసు, ఎక్కడైనా సరే కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగానికి ఇవి సరిపోతాయి.

ముందు ఒక వారం ఏమీ మార్చకండి

జేబులో పట్టే చిన్న నోటుపుస్తకం ఒకటి, పెన్ను ఒకటి. ఇంతకు మించి సామాను అక్కర్లేదు. సోమవారం నుంచి శుక్రవారం వరకు రోజుకు 3 సార్లు, అంటే ఉదయం 10.30కి, మధ్యాహ్నం 2.30కి, ఇంటికి బయల్దేరే ముందు, మీ మనసుకు 1 నుంచి 5 వరకు ఒక అంకె వేయండి. 1 అంటే 'లేచి వెళ్లిపోదామా' అనిపించడం, 5 అంటే పని మీద హుషారుగా ఉండడం. పక్కనే, దానికి కాస్త ముందు ఏం జరిగిందో ఒక్క వాక్యం. ఇలా:

10.30 – 4. ఆడిట్ ఫైలు ఒకటి తేలిపోయింది.
2.30 – 2. స్టాండప్‌లో (రోజూ జరిగే చిన్న మీటింగ్) నా టికెట్ (నాకిచ్చిన పని) ఎందుకు ఆలస్యమైందని అందరి ముందు అడిగారు.
6.45 – 3. ఆ టికెట్‌కు కావాల్సిన లాగ్‌లు (సిస్టమ్ రికార్డులు) దొరికాయి.

వారం చివరికి 15 గుర్తులు ఉంటాయి. శనివారం కాఫీ తాగుతూ 10 నిమిషాలు వాటిని చూడండి. తక్కువ అంకెలు సాధారణంగా మూడు చోట్లలో ఒక చోట గుంపుగా కనబడతాయి. ఒకటి, ఒక వేళ: భోజనం తర్వాతో, రోజు మొదట్లోనో. రెండు, ఒక మనిషి లేదా ఒక మీటింగ్. మూడు, చేతిలో పని కదలని రోజులు. ఏ అలవాటు మీకు ఎక్కువ అవసరమో ఈ పేజీయే చెబుతుంది. చాలామంది ఈ వారాన్ని దాటేసి నేరుగా ధ్యానం యాప్ డౌన్‌లోడ్ చేసుకుంటారు. నొప్పి ఎక్కడుందో చూడకుండా మందు రాసుకోవడం లాంటిది అది.

ఈ వారంలో రెండు తప్పులు జరుగుతాయి. మూడు అంకెలూ రాత్రి ఇంటికొచ్చాక గుర్తు తెచ్చుకుని వేయడం మొదటిది. అలా వేస్తే చివరి గంటలో జరిగిందే రోజంతటికీ రంగు పూస్తుంది. సాయంత్రం ఒక్క మాట పడితే పొద్దున్న పడ్డ 4 కూడా 2 అయిపోతుంది. రెండోది, జరిగిన సంగతి రాయాల్సిన చోట తీర్పు రాయడం. 'నేను దేనికీ పనికిరాను' అన్నది తీర్పు. 'క్లయింట్ కాల్‌లో రెండో ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను' అన్నది సంగతి. సంగతినైతే సరిదిద్దుకోవచ్చు.

అలవాటును దేనికి తగిలించాలి

కొత్త అలవాటు గాల్లో నిలబడదు. మీరు ఎలాగూ చేసే పనికి దాన్ని కొక్కేనికి చొక్కా తగిలించినట్టు తగిలించాలి. బయోమెట్రిక్‌లో వేలు పెట్టడం, ల్యాప్‌టాప్ తెరవడం, టిఫిన్ బాక్స్ మూత తీయడం, నాలుగింటి టీ, క్యాబ్ ఎక్కి తలుపు వేసుకోవడం, ఇవన్నీ కొక్కేలే. 'ఇది జరగగానే అది చేస్తాను' అని ముందే ఒక వాక్యంగా రాసుకున్నవాళ్లు ఆ పని చేసే అవకాశం ఎక్కువని పీటర్ గోల్విట్జర్ అనే పరిశోధకుడు చూపించారు. 2006లో ఆయనా, పాస్కల్ షీరన్ అనే మరో పరిశోధకుడూ కలిసి 94 పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చి చూసినా అదే తేలింది.

'రోజూ కాస్త ప్రశాంతంగా ఉంటాను' అన్నది పనిచేయని వాక్యం. 'ల్యాప్‌టాప్ మూత తెరవగానే, మెయిల్ నొక్కే ముందు, నిన్న రాసిన చీటీ చదువుతాను' అన్నది పనిచేసే వాక్యం. గడియారాన్ని కొక్కెంగా వాడకండి. '11 గంటలకు' అని పెట్టుకుంటే ఆ వేళకే మీటింగ్ పడుతుంది, రెండు రోజుల్లో మానేస్తారు. టీ మాత్రం మీటింగ్ ఉన్నా లేకపోయినా తాగుతారు.

ఎంత కాలం పడుతుంది? 21 రోజులు చాలన్న మాట చాలాచోట్ల వినబడుతుంది. దాన్ని నమ్ముకుని 22వ రోజున నిరాశపడకండి. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలి బృందం 96 మందిని 12 వారాల పాటు గమనించింది. ఒక అలవాటు తనంతట తాను జరిగే స్థితికి రావడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల వరకూ ఉంది. ఆఫీసు పని వారానికి 5 రోజులే కాబట్టి 66 సార్లంటే 13 వారాలు పైమాటే. అదే పరిశీలనలో మరో మంచి సంగతి బయటపడింది: మధ్యలో ఒక్క రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు. ఈ సంగతి నోటుపుస్తకం అట్ట లోపల రాసిపెట్టుకోండి, ఎప్పుడో ఒకప్పుడు అవసరపడుతుంది.

పొద్దున మొదటి 25 నిమిషాలు మీవి

ఆఫీసుకు రాగానే మెయిల్, టీమ్స్, వాట్సాప్ గ్రూపు తెరిచామంటే మన రోజును వేరేవాళ్ల అవసరాలు నడిపిస్తాయి. పని ఎక్కువగా ఉండి, దాని మీద మన చేతిలో పట్టు తక్కువగా ఉన్నప్పుడే ఒత్తిడి అన్నిటికన్నా ఎక్కువగా నలిపేస్తుందని 1979లో రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు చెప్పిన సూత్రాన్ని ఉద్యోగుల ఆరోగ్యం గురించి మాట్లాడేవాళ్లు ఇప్పటికీ ఆధారంగా తీసుకుంటారు. పనిని తగ్గించడం మన చేతిలో లేకపోవచ్చు. పట్టును మాత్రం కాస్త పెంచుకోవచ్చు.

చేయాల్సింది ఇది. ముందు రోజు సాయంత్రం రాసుకున్న మొదటి పని ఏదుందో చూడండి (ఆ చీటీ సంగతి కింద వస్తుంది). ఫోన్ బ్యాగులో పెట్టండి. డెస్క్ మీద బోర్లా పెడితే చాలదు, కళ్లు అటే పోతాయి. ఆ ఒక్క ఫైలు మాత్రం తెరిచి 25 నిమిషాలు పని చేయండి. పూర్తి కావాలని లేదు, కదిలితే చాలు. తర్వాత మెయిల్ తెరవండి.

పై అధికారి వెంటనే జవాబు ఆశించే మనిషైతే ఈ అలవాటును దొంగచాటుగా చేయకండి, చెప్పి చేయండి. 'సార్, 10 నుంచి 10.25 దాకా ఈ రిపోర్టు మీద కూర్చుంటాను. అర్జెంటయితే ఒక్క కాల్ చేయండి, వచ్చేస్తాను.' ఇంతే. ఇలా చెప్పినప్పుడు కాదనేవాళ్లు తక్కువ, ఎందుకంటే అడిగింది అరగంట కూడా లేదు, అర్జెంటుకు దారి కూడా ఉంచారు. అదే 'ఉదయం నన్ను డిస్టర్బ్ చేయొద్దు' అంటే గొడవే.

కౌంటర్‌లో కూర్చునేవాళ్లకు, షిఫ్టు మొదలవగానే కాల్స్ వచ్చేవాళ్లకు 25 నిమిషాలు దొరకవు. మీకు 5 నిమిషాలు చాలు. కౌంటర్ తెరవకముందు, హెడ్‌సెట్ పెట్టుకోకముందు, ఈ రోజు బాగా చేయాలనుకున్న ఒక్క పనిని నోటుపుస్తకంలో రాయండి. 'మొదటి పది మందికి ఫారం ఏ గడి నింపాలో వేలు పెట్టి చూపిస్తాను' అన్నంత చిన్నది.

మిగతా రోజులో మెయిల్ చూసే వేళలు బిగించుకోవడం కూడా సాయపడుతుంది. కెనడా పరిశోధకులు చేసిన, 2015లో అచ్చయిన ఒక అధ్యయనంలో, ఒక వారం రోజుకు 3 సార్లే మెయిల్ చూసినవాళ్లకు, ఎప్పుడు పడితే అప్పుడు చూసిన వారంతో పోలిస్తే ఒత్తిడి తక్కువగా ఉంది. మన ఆఫీసుల్లో 3 సార్లు అంటే కుదరకపోవచ్చు. గంటకోసారి అని పెట్టుకుని, మధ్యలో తెర మీద దూకే నోటిఫికేషన్‌ను ఆపేస్తే అదే పెద్ద తేడా.

'కదిలింది' పేజీ

అన్నిటిలో ఒక్కటే చేసే ఓపిక ఉంటే ఇది చేయండి. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో తెరెసా అమబైల్, మనస్తత్వ శాస్త్రవేత్త స్టీవెన్ క్రేమర్ 7 కంపెనీల్లో 238 మంది ఉద్యోగుల చేత రోజూ డైరీ రాయించి, దాదాపు 12,000 రోజుల రాతలను పరిశీలించారు. మంచి రోజుల వెనక తరచుగా కనిపించింది బోనస్సో, పొగడ్తో అనుకుంటాం. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించింది మాత్రం, తనకు విలువైన పనిలో ఆ రోజు ఎంతో కొంత ముందుకు వెళ్లడం. చిన్న కదలిక అయినా సరే. చిక్కేమిటంటే సాయంత్రానికి ఆ కదలిక మనకు గుర్తుండదు. అరిచిన కస్టమర్ గుర్తుంటాడు. తప్పు పట్టిన మెయిల్ గుర్తుంటుంది. మధ్యాహ్నం 12కి తేలిన లెక్క ఎటో పోతుంది. అందుకే రాయాలి.

నోటుపుస్తకంలో రోజుకు అర పేజీ. పైన తారీఖు. కింద 1 నుంచి 3 వాక్యాలు. ప్రతి వాక్యం జరిగిపోయిన పనిగా ఉండాలి, మీరు చేసినదై ఉండాలి, ఒక ముక్కగా ఉండాలి. ఒక పేజీ ఇలా ఉంటుంది:

మంగళవారం.
వెండర్ బిల్లుల్లో 14కి సంతకాలు తెచ్చాను, 6 మిగిలాయి.
తప్పు డేటాబేస్‌లో లేదని తేలింది. ఇక నెట్‌వర్క్ వైపే వెతకాలి.
కొత్తగా చేరిన అమ్మాయికి రీకన్సిలియేషన్ (లెక్కలు సరిచూసే) షీటు ఒకసారి చేసి చూపించాను.

రెండో వాక్యం చూడండి. పని పూర్తవలేదు. కానీ వెతకాల్సిన చోటు సగానికి తగ్గింది. ఇలాంటివి రాయడం నేర్చుకోకపోతే ఈ అలవాటు రెండో వారంలోనే చచ్చిపోతుంది. 'పూర్తయినవే రాస్తాను' అని పట్టుబట్టేవాళ్లకు వారంలో మూడు రోజులు ఖాళీ పేజీలే మిగులుతాయి. ఆ ఖాళీ పేజీ వాళ్లను మరింత కుంగదీస్తుంది.

ఇంకో పొరపాటు, చేసిన పనుల చిట్టా రాయడం: 'నాలుగు మీటింగ్‌లకు వెళ్లాను, 30 మెయిళ్లకు జవాబిచ్చాను.' అది హాజరు పట్టీ. మీటింగ్ వల్ల ఏం కదిలిందో రాయండి. ఏమీ కదలకపోతే ఆ మీటింగ్‌ను వదిలేసి వేరేది వెతకండి. నిజంగా ఏమీ లేని రోజు వస్తే, ఎవరికి సాయం చేశారో చూడండి. అదీ లేకపోతే ఏది అడ్డుపడిందో రాయండి: 'అనుమతి రాలేదు, రెండోసారి అడిగాను.' రెండోసారి అడగడం కూడా మీరు చేసిన పనే.

ఆరు నెలలు ఇలా రాస్తే సెలవులు పోను 120 రోజుల రాతలు పోగవుతాయి. అప్రైజల్ ఫారం నింపే రోజున, అందరూ ఏం చేశామా అని తల పట్టుకునే వేళ, మీ దగ్గర తారీఖులతో సహా ఉంటుంది. రేటింగ్ గురించి మాట్లాడేటప్పుడు గొంతు వణకకుండా ఉండడానికి ఇంతకన్నా మంచి ఆసరా లేదు.

ఈ పేజీ నుంచే వారానికి ఒక్కసారి ఇంకొకటి పుడుతుంది. శుక్రవారం నాడు ఆ వారం పేజీలు తిరగేసి, మీ పని కదలడానికి ఎవరు కారణమో చూసి, ఒక్కరికి చెప్పండి. పెద్ద మాటలు వద్దు. 'కృతజ్ఞతలు' అంటే మనలో చాలామందికి సభలో మాట్లాడినట్టుంటుంది. 'థాంక్సండీ, మీరు బుధవారం పంపిన షీటులో మూడో కాలమ్ ఉండబట్టి నాకు గంట పని తప్పింది' అంటే చాలు. ఏ పని, ఏ రోజు, మీకేం ఒరిగింది, మూడూ ఉండాలి. ఇది రోజూ చేయకండి. రోజూ చెబితే చెప్పేవాళ్లకూ వినేవాళ్లకూ గుడ్ మార్నింగ్ మెసేజ్‌లా అయిపోతుంది.

కటువైన మాట పడ్డప్పుడు

ఇది రోజూ చేసే అలవాటు కాదు, రోజూ సిద్ధంగా ఉంచుకోవాల్సింది. మధ్యాహ్నం 3.10కి మేనేజర్ నుంచి మెసేజ్: 'రిపోర్ట్ చూశాను. మాట్లాడాలి.' అంతే. గుండె జల్లుమంటుంది. చేతులు వెంటనే టైప్ చేయబోతాయి. అప్పుడు వరసగా నాలుగు పనులు.

మొదట ఊపిరి. ముక్కుతో నిండా గాలి తీసుకుని, ఆపకుండా దాని మీదే ఇంకొంచెం తీసుకుని, నోటితో మెల్లగా, తీసుకున్నదానికన్నా ఎక్కువసేపు వదలండి. ఇలా నాలుగైదు సార్లు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ప్రచురించిన అధ్యయనంలో దీన్ని నెల పాటు రోజుకు 5 నిమిషాలు చేసినవాళ్ల మూడ్ మెరుగైంది. తల తిరుగుతుంటే వేగంగా చేస్తున్నారని అర్థం, ఆపి మామూలుగా పీల్చుకోండి.

రెండోది, నోటుపుస్తకం వెనక పేజీలో నిలువుగా ఒక గీత. ఎడమవైపు 'వచ్చింది', కుడివైపు 'నేను కలిపింది'. ఎడమవైపు ఆ మెసేజ్‌ను అక్షరం పొల్లు పోకుండా రాయండి: 'రిపోర్ట్ చూశాను. మాట్లాడాలి.' కుడివైపు మీ బుర్రలో తిరుగుతున్నదంతా: 'కోపంగా ఉన్నారు. పోయినసారి తప్పు కూడా ఇప్పుడు బయటికి తీస్తారు. ఈసారి రేటింగ్ పోయినట్టే.' రెండు వైపులా చూసుకుంటే గోరంత ఏదో, కొండంత ఏదో తెలుస్తుంది. ఎడమవైపు ఉన్నవి మూడే మాటలు.

మూడోది, మీ పేరు పెట్టి మీకు మీరు చెప్పుకోండి. 'నేను ఎందుకిలా' అని తలచుకోవడం కంటే తనను తాను పేరుతో పిలుచుకుని మాట్లాడుకున్నవాళ్లు ఒత్తిడిని మెరుగ్గా తట్టుకున్నారని ఈథన్ క్రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2014లో చూపించింది. ఇంట్లో పెద్దవాళ్లు మిమ్మల్ని పిలిచే ముద్దుపేరు ఇంకా మంచిది. 'బుజ్జీ, వాళ్లు అడిగింది ఒక రిపోర్టు గురించే. ముందు ఆ ఫైలు తెరువు.' ఆ గొంతులో తిట్టు ఉండదు, అందుకే పనిచేస్తుంది.

నాలుగోది, కుడివైపున్న భయాన్ని ప్రశ్నగా మార్చి పంపడం: 'సరే సార్. ఏ భాగం గురించో చెబితే చూసుకుని వస్తాను.' సగం సందర్భాల్లో జవాబు 'నాలుగో పేజీలో టోటల్ ఒకసారి చూడు' అన్నంతే ఉంటుంది. నిజంగానే పెద్ద తప్పే అయితే, ఫైలు చూసుకుని సిద్ధపడి వెళతారు. ఎటు తిరిగినా మీకే మంచిది.

మొత్తం 5 నిమిషాల లోపే. మీటింగ్ మధ్యలో అందరి ముందు మాట పడితే గీత గీయడం కుదరదు. అక్కడ ఊపిరి ఒక్కటే చేసి, 'నోట్ చేసుకున్నాను, సాయంత్రంలోగా చెబుతాను' అని ఆపండి. మిగతాది మీ సీటుకు వచ్చాక.

భోజనం, టీ, నడక

బాక్స్ డెస్క్ దగ్గర తెరవకండి. తింటూ తెర చూస్తే విరామం తీసుకున్నట్టే అనిపించదు. తిన్నాక 10 నిమిషాలు నడవండి, ఎండగా ఉంటే మెట్ల దగ్గరో కారిడార్‌లోనో. క్యాంటీన్‌లో నలుగురు కలిస్తే ఆఫీసు మీద ఫిర్యాదులు రాకుండా ఉండవు, రానివ్వండి. లోపల దాచుకోవడం కంటే అదే నయం. కానీ అదే సంగతి మూడో రోజు కూడా మళ్లీ మొదలైతే, 'మరి దీనికి ఎవరితో మాట్లాడదాం?' అని ఒక్క ప్రశ్న వేయండి. జవాబుంటే పని మొదలవుతుంది, లేకపోతే మాట మారుతుంది.

రాత్రి 10.30కి పడుకునేవాళ్లు సాయంత్రం నాలుగున్నర తర్వాత టీ, కాఫీ మానుకోవాలి. 400 మిల్లీగ్రాముల కెఫీన్ పడుకోవడానికి 6 గంటల ముందు తీసుకున్నా నిద్ర గంటకు పైగా తగ్గిందని 2013లో ఒక పరీక్షలో తేలింది. అది పెద్ద మోతాదే, రెండు కప్పుల ఫిల్టర్ కాఫీకి మించి ఉంటుంది. అయినా నిద్ర తగ్గిన మర్నాడు చిన్న మాట కూడా పెద్దగా తగులుతుందన్నది అందరికీ అనుభవమే.

సాయంత్రం కొట్టు కట్టేయడం

కిరాణా కొట్టాయన రాత్రి షట్టర్ దించే ముందు గల్లా లెక్క చూసుకుంటాడు, రేపు తెప్పించాల్సిన సరుకు చీటీ మీద రాసుకుంటాడు, తాళం వేసి ఒకసారి లాగి చూస్తాడు. ఆ తర్వాత ఇంటికి. మనం ల్యాప్‌టాప్ మూసి, మిగిలిన పనులన్నీ తలలో పెట్టుకుని క్యాబ్ ఎక్కుతాం. అవి చెవిలో జోరీగల్లా రాత్రంతా తిరుగుతాయి.

పూర్తికాని పని మనసును గుచ్చుతూనే ఉంటుంది. కానీ దాన్ని ఎప్పుడు, ఎలా చేయాలో రాసుకుంటే ఆ గుచ్చడం తగ్గుతుందని 2011లో మసికాంపో, బౌమైస్టర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తల ప్రయోగాల్లో తేలింది. పనిని పూర్తి చేయకపోయినా ప్లాను ఒక్కటి చాలింది. 2018లో మరో ప్రయోగంలో, పడుకోబోయే ముందు 5 నిమిషాలు రాబోయే పనుల జాబితా రాసినవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్లకన్నా సగటున 9 నిమిషాలు ముందే నిద్రపోయారు. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా.

ఇంటికి వెళ్లడానికి 10 నిమిషాల ముందు మొదలుపెట్టండి. మిగిలిన పనులన్నీ ఒక చీటీ మీద దించండి, ఇంటి పనులతో సహా, గ్యాస్ బుకింగ్ కూడా. ప్రతిదాని పక్కన తర్వాతి అడుగు రాయండి. 'బడ్జెట్' అని రాస్తే రేపు చూసి భయపడతారు, 'బడ్జెట్ – పోయినేడాది షీటు అకౌంట్స్ వాళ్లను అడగాలి' అని రాస్తే రేపు లేచి అడుగుతారు. రేపటి మొదటి 25 నిమిషాల పనికి సున్నా చుట్టండి. ఆ ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో కూడా రాయండి. 'కదిలింది' పేజీ నింపండి. చీటీని కీబోర్డ్ కింద పెట్టి, ల్యాప్‌టాప్ మూసి, 'కొట్టు కట్టేశాను' అని మెల్లగా పైకే అనండి. కొత్తలో మొహమాటంగా ఉంటుంది. రోజంతా నడిచిన పనికి ఒక ముగింపు గుర్తు కావాలి, మాట దానికి బాగా సరిపోతుంది.

రాత్రి 9.40కి ఆఫీసు గ్రూపులో మెసేజ్ మోగితే? గ్రూపును మ్యూట్‌లో పెట్టి, నిజంగా అర్జెంటయితే ఫోన్ చేయమని టీమ్ లీడ్‌కు పగలే చెప్పి ఉంచండి. చూసి, జవాబివ్వకుండా పెట్టేయడం అన్నిటికన్నా చెడ్డది. పని జరగదు, విశ్రాంతీ ఉండదు. చూశారంటే ఒక వాక్యం రాసి ముగించండి, 'రేపు పొద్దున్నే చూస్తాను సార్', తర్వాత ఆ సంగతిని చీటీ మీద చేర్చండి.

ఇంటి నుంచి పని చేసేవాళ్లకు కట్టేయడానికి కొట్టు కనబడదు. ల్యాప్‌టాప్‌ను బ్యాగులో పెట్టి జిప్ వేసి బీరువాలో పెట్టండి, చెప్పులేసుకుని వీధి చివరిదాకా వెళ్లి రండి. అమెరికా వేళలకు రాత్రి షిఫ్టు చేసేవాళ్లు గడియారాన్ని పూర్తిగా మర్చిపోయి షిఫ్టు మొదలు, భోజన విరామం, లాగౌట్, ఈ మూడింటికే అలవాట్లు తగిలించుకోవాలి. మీ 'సాయంత్రం' తెల్లవారుజామున వస్తుంది, కాబట్టి చివరి టీ అర్ధరాత్రి దాటాక వద్దు.

ఎక్కడ చెడుతుంది

ఆరంభ శూరత్వం దగ్గర. సోమవారం నాడు అన్నీ ఒకేసారి మొదలుపెట్టి గురువారానికి అన్నీ మానేస్తారు. ఒక అలవాటు మూడు వారాలు నడిచాకే రెండోది చేర్చండి.

నోటుపుస్తకం బదులు ఫోన్‌లో రాయడం ఇంకో చోటు. రాయడానికి ఫోన్ తీస్తారు, మూడు నోటిఫికేషన్‌లు చూస్తారు, రాయాల్సింది మర్చిపోతారు. కాగితం మీద రాయడం మీకు ఇబ్బందైతే ఆఫీసు కంప్యూటర్‌లో ఒక్క ఫైలు పెట్టుకోండి, కానీ మనసులోని మాటలు, మనుషుల పేర్లు అందులో వద్దు. అది కంపెనీ మెషిన్.

సంక్రాంతికి వారం సెలవు పెట్టి వస్తే అలవాటు తెగిపోయి ఉంటుంది. ఎక్కడ ఆపారో అక్కడి నుంచి మొదలుపెట్టాలని చూడకండి. మొదటి మూడు రోజులు చిన్న రూపం చేయండి: 25 నిమిషాలకు బదులు 5, మూడు వాక్యాలకు బదులు ఒకటి. నాలుగో రోజున పాత కొలతకు రండి.

అన్నిటికన్నా లోతైన తప్పు, ప్రతి అంకె 5 కావాలనుకోవడం. ఇంట్లో ఎవరికో బాగాలేని వారంలో 2 పడితే అది సరైన అంకె. దాన్ని 4గా దిద్దితే పుస్తకం మీతో అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది, ఇక దాని మాట మీరు నమ్మరు.

అలవాటుతో తీరనివి

ముగ్గురి పని ఒకరి మీద పడితే, జీతం నెలల తరబడి ఆగితే, ఎవరైనా వేధిస్తే, అక్కడ ఊపిరి వ్యాయామం మందు కాదు. తీరని పని ఒత్తిడి వల్ల వచ్చే బర్నౌట్‌ను (మనసు పూర్తిగా అలిసిపోవడాన్ని) ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఉద్యోగానికి సంబంధించిన పరిస్థితిగానే నిర్వచించింది, మనిషి బలహీనతగా చూడలేదు. పనిచోట లైంగిక వేధింపులైతే 2013 చట్టం ప్రకారం 10 మంది, అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. జరిగిన 3 నెలల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తారీఖులతో రాసుకున్న మీ నోటుపుస్తకం అప్పుడు సాక్ష్యంగా పనికొస్తుంది, ఆ పేజీలను ఫోటో తీసి ఇంట్లో ఉంచుకోండి.

రెండు వారాలు దాటినా అంకెలు 1, 2 దగ్గరే ఉండి, నిద్ర, ఆకలి పోయి, ఇంట్లో కూడా దేని మీదా ఆసక్తి లేకపోతే డాక్టరును కలవండి. 14416కి ఫోన్ చేస్తే కేంద్ర ప్రభుత్వపు మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్‌లో తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రి అయినా తీస్తారు. 2022 అక్టోబరు నుంచి ఉంది ఆ సేవ. బతకడం వృథా అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగకండి, ఆ పూటే చేయండి, పక్కనున్న మనిషికి చెప్పండి.

ఏ వరసలో

మొదటి వారం అంకెలు మాత్రమే. 2 నుంచి 4 వారాలు కొట్టు కట్టేయడం, దాంతోపాటే 'కదిలింది' పేజీ, రెండూ ఒకే 10 నిమిషాల్లో అయిపోతాయి. 5 నుంచి 7 వారాలు పొద్దున 25 నిమిషాలు. సాయంత్రపు చీటీ లేకుండా పొద్దుటి పని నిలబడదు కాబట్టి ఈ రెంటి వరస మార్చకండి. 8వ వారం నుంచి శుక్రవారం థాంక్స్, భోజనం తర్వాత నడక. నిలువు గీత పేజీకి వారం లెక్క లేదు, ఏ రోజు మాట పడితే ఆ రోజే. 12వ వారంలో మళ్లీ 5 రోజులు అంకెలు వేసి, మొదటి వారం పేజీ పక్కన పెట్టి చూడండి. సగటు చూడడం కన్నా, 1లు, 2లు మొదటి వారం కంటే ఎన్ని తగ్గాయో లెక్కపెట్టండి. తగ్గకపోతే అవి ఏ వేళకు, ఏ మనిషి దగ్గర పడుతున్నాయో చూసి, ఆ చోటుకు దగ్గరగా ఉన్న కొక్కేనికి అలవాటును మార్చి తగిలించండి.